పెరటి మామిడికి మీ పేరున పత్రం: రైతు రకం నమోదుకు దరఖాస్తు విధానం

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి, పనస చెట్లు వేళ్లతో సహా లేచిపోయాయి. కొబ్బరి మళ్లీ నాటుకున్నారు. జీడి అంట్లు నర్సరీలో దొరుకుతాయి. ఎప్పుడో టెంక నుంచి మొలిచి, ఇంట్లో మూడు తరాలు ఊరగాయకి వాడుకున్న పెరటి మామిడి పడిపోతే మాత్రం దాన్ని తిరిగి ఇచ్చే నర్సరీ ఎక్కడా లేదు. ఇంకా అలాంటి చెట్టు నిలబడి ఉన్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

మొక్కల రకాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టం 2001లో వచ్చింది. దాని అమలుకి 2005 నవంబరులో ఢిల్లీలో ఒక ప్రాధికార సంస్థను పెట్టారు. కంపెనీలు, విశ్వవిద్యాలయాలు తమ కొత్త రకాలను నమోదు చేయించుకునేది అక్కడే. రైతు కూడా అదే రిజిస్టరులో, అదే హక్కుతో తన రకాన్ని ఎక్కించుకోవచ్చు. ఈ సంగతి మన జిల్లాల్లో తెలిసినవాళ్లు తక్కువ. రైతులు తమ పొలాల్లో తరతరాలుగా సాగుచేస్తూ వచ్చినదీ, రైతులందరికీ తెలిసిన నాటు రకమో దాని అడవి బంధువో అయినదీ ‘రైతు రకం’ కిందికి వస్తుంది. ఒక్కరే దరఖాస్తు పెట్టుకోవచ్చు, నలుగురు రైతులు కలిసి పెట్టుకోవచ్చు, ఊరంతా ఒక సమూహంగానైనా పెట్టుకోవచ్చు. కొమ్మలు ఊళ్లో పది ఇళ్లకి పంచిన చెట్టయితే ఊరి పేరునే పెట్టడం న్యాయమని నా అభిప్రాయం. తరవాత తగువులు రావు.

ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది. మీ చెట్టు నిజంగా వేరే రకమేనా? సువర్ణరేఖ, పణుకులు, బంగినపల్లి, కలెక్టరు అందరికీ తెలిసిన రకాలు. మీ తాతగారే నాటినా అవి మీ పేరున నమోదు కావు. టెంక మామిడి సంగతి వేరు. మన మామిళ్లలో చాలావాటికి టెంకలో ఒకటే పిండం ఉంటుంది, అది పరాగ సంపర్కం వల్ల పుట్టింది కాబట్టి పిల్ల తల్లిని పోలి ఉండాలని లేదు. పాత తోటల్లో చెట్టుకో రుచి ఉండేది అందుకే. ఇంకో సంగతి, కేంద్రం గెజిట్‌లో ప్రకటించిన పంటలకే నమోదు ఉంటుంది. మామిడి, కొబ్బరి, జీడిమామిడి, మల్లె ఆ జాబితాలో ఉన్నాయి. మీది వేరే మొక్కయితే ముందు సంస్థ వెబ్‌సైట్‌లో జాబితా చూసుకోండి.

నమోదుకి మూడు లక్షణాలు చూస్తారు. తెలిసిన మరే రకంతోనూ కలవకుండా విడిగా గుర్తుపట్టేలా ఉండాలి. ఆ రకం మొక్కలన్నీ ఒకేలా ఉండాలి. మళ్లీ మళ్లీ పెంచినా ఆ గుణం మారకూడదు. కంపెనీ రకానికైతే కొత్తదనం కూడా అడుగుతారు, రైతు రకానికి అది అక్కర్లేదు. ఎంత పాతదైనా పరవాలేదు.

ఇక్కడే చాలామంది తడబడతారు. పెరట్లో ఒక్క చెట్టే ఉంటే ‘ఒకేలా ఉండటం’, ‘మారకపోవడం’ దేనితో చూపిస్తారు? అందుకే కాగితం పని కంటే ముందు అంట్లు కట్టించండి. వానలు పడ్డాక, జూలై, ఆగస్టుల్లో, కొమ్మ తెచ్చి మంచి వేరుమొక్కల మీద పదో పన్నెండో అంట్లు కట్టించి రెండు మూడు చోట్ల నాటండి. మూడు నాలుగేళ్లలో అవి కాపుకొస్తాయి. తల్లిచెట్టు కాయా, పిల్లచెట్ల కాయా ఒక్కలాగే ఉన్నాయని చూపించగలిగితే సగం పని అయినట్టే. పైగా రేపు మరో తుపాను వచ్చినా రకం పోదు. దరఖాస్తు మాట ఎలా ఉన్నా ఈ ఒక్క పని ఈ ఏడే చేయండి.

ఆ మూడేళ్లూ ఒక నోటుపుస్తకం పెట్టండి. లేత ఆకు ఏ రంగులో వస్తుంది, ముదిరిన ఆకు పొడవు వెడల్పులు ఎంత, అంచు సాపుగా ఉందా అలలుగా ఉందా, పూత ఏ నెలలో ఏ వారం మొదలైంది, పూతకాడ రంగేమిటి అన్నవి అందులో రాయాలి. కాయకి ముక్కు ఉందా, భుజాలు ఎత్తుగా ఉన్నాయా, పండిన తొక్క రంగేమిటి, పీచు ఎంత, టెంక ఎంత లావు అన్నవీ ఉండాలి. ఒక్క కాయ కొలిచి రాస్తే చాలదు, పది కాయలు తీసుకుని సగటు రాయండి. ఫోటో తీసేటప్పుడు పక్కన స్కేలు పెట్టండి. అన్నిటికంటే ముఖ్యమైనది పోలిక. ‘మా కాయ చాలా రుచి’ అని రాస్తే లాభం లేదు. ‘సువర్ణరేఖకి దగ్గరగా ఉంటుంది గానీ తొక్క మీద ఎరుపు రాదు, పీచు ఎక్కువ, పూత ఆలస్యం’ అని రాయాలి. వాడకం కూడా రాయండి. ఊరగాయకి కోసినప్పుడు ముక్క గట్టిగా ఉంటుందా, రసం తాండ్రకి పనికొస్తుందా? భీమాలిలో తాండ్ర పోసేవాళ్లని అడిగితే మీకు తెలియని తేడాలు చెప్తారు.

పేరు పెట్టడంలో కొన్ని నిబంధనలున్నాయి. వట్టి అంకెలు కుదరవు. ఇప్పటికే ఉన్న రకం పేరుతో తికమక పడేలా ఉండకూడదు, మత మనోభావాలు నొప్పించకూడదు. ఊరి పేరు, ప్రాంతం పేరు కలిసినా మామూలుగా ఒప్పుకోరు, న్యాయమైన వాడుకని రిజిస్ట్రారుకి నమ్మకం కలిగితే తప్ప. ‘ఉద్దానం మామిడి’ అని పంపకండి. ఇంట్లో పిలుచుకునే పేరు ఉంటే అదే మేలు.

ఇక కాగితాలు. ఫారం 1, దాంతోపాటు రకం లక్షణాల సాంకేతిక ప్రశ్నావళి నింపాలి. ఇంగ్లీషుతో ఇబ్బందైతే రైతు సేవా కేంద్రంలోని ఉద్యాన సహాయకుల్ని గానీ, ఆమదాలవలస కృషి విజ్ఞాన కేంద్రం శాస్త్రవేత్తల్ని గానీ అడగండి. తర్వాత ధ్రువీకరణ సంతకం తీసుకోవాలి. పంచాయతీ జీవవైవిధ్య నిర్వహణ కమిటీ, జిల్లా వ్యవసాయ అధికారి, రాష్ట్ర వ్యవసాయ విశ్వవిద్యాలయ పరిశోధన సంచాలకులు, జిల్లా గిరిజనాభివృద్ధి అధికారి, వీళ్లలో ఎవరిదైనా చాలు. పంచాయతీ కమిటీతో మొదలుపెట్టడం సులువు, చెట్టు వాళ్ల కళ్లెదుటే ఉంటుంది కదా. సీతంపేట, కురుపాం వైపు వాళ్లు 2022 ఏప్రిల్ నుంచి పార్వతీపురం మన్యం జిల్లాలో ఉన్నారు. దరఖాస్తులో కొత్త జిల్లా పేరే రాయాలి.

రుసుము లేదు. చట్టంలోని 44వ సెక్షను ప్రకారం ఆ సంస్థ ముందు జరిగే ఏ పనికీ రైతు గానీ, రైతుల సమూహం గానీ, గ్రామ సమాజం గానీ ఫీజు కట్టక్కర్లేదు. ‘ఇంత ఇస్తే చేయిస్తాం’ అని ఎవరైనా వస్తే ఈ సెక్షను చూపించండి.

దరఖాస్తు అందాక పరీక్ష ఉంటుంది. చెట్ల విషయంలో ఉన్నచోటికే వచ్చి చూసే వీలుంది. అప్పుడు మీ నోటుపుస్తకం, పిల్లచెట్లు అక్కరకొస్తాయి. అంగీకరించిన దరఖాస్తు వివరాల్ని ప్రకటిస్తారు, మూడు నెలల్లో ఎవరైనా అభ్యంతరం చెప్పొచ్చు. ఆ గడువు దాటాకే పత్రం చేతికొస్తుంది. చెట్లకి, తీగలకి మొదట 9 ఏళ్లు, పొడిగించుకుంటే మొత్తం 18 ఏళ్లు. మిగతా పంటలకి 6, 15.

పత్రం వచ్చాక ఆ రకాన్ని ఉత్పత్తి చేసి అమ్మే హక్కు మీది. నర్సరీవాళ్లు అంట్లు కట్టి అమ్మాలంటే మీ అనుమతి కావాలి. ఆ మాట కాగితం మీద రాసుకోండి, ఏడాదికి ఎన్ని అంట్లు, ఒక్కోదానికి మీకెంత అని. పక్కింటి రైతు తన తోటకి మొక్క పెంచుకున్నా, ఇంకొకరితో పంచుకున్నా, బ్రాండు పేరు లేకుండా అమ్మినా 39వ సెక్షను కింద అది అతని హక్కు. దాన్ని ఆపాలని చూడకండి.

రకాల్ని కాపాడిన రైతులకి ఇదే సంస్థ లక్షన్నర రూపాయల బహుమతి, లక్ష రూపాయల గుర్తింపు ఇస్తుంది. సమూహాలకి 10 లక్షల అవార్డు ఉంది. వాటికి వేరే దరఖాస్తు పెట్టుకోవాలి. అందులోనూ అడిగేది ఆ నోటుపుస్తకంలోని వివరాలే.