ఇంట్లో ఎవరూ లేనప్పుడు ఏసీ దానంతటదే ఆగాలంటే: ఒంగోలు ఎండల్లో మేం పెట్టుకున్న సెట్టింగు

ముందుగా ఒక మాట. వీడియోల్లో కనబడే గుండ్రటి స్మార్ట్ థర్మోస్టాట్ ఉంటుంది చూడండి, గోడకి బిగిస్తే ఇంట్లో మనుషులున్నారో లేదో కనిపెట్టి చల్లదనం తగ్గించేది, దాన్ని చూసి ఆర్డర్ పెట్టేయకండి. నెస్ట్ 2011లో వచ్చింది, ఎకోబీ లాంటివీ ఉన్నాయి, మంచి వస్తువులే. కానీ అవి ఇల్లు మొత్తానికీ ఒకటే యంత్రం ఉండి, గోడల్లో 24 వోల్టుల కంట్రోల్ వైర్లు నడిచే అమెరికా ఇళ్ళ కోసం చేసినవి. మన గదిలో ఉండే స్ప్లిట్ ఏసీకి ఆ వైర్లు ఉండవు, దానికి రిమోట్ చెప్పిందే వేదం. అందుకని మనం అదే పనిని మూడు చిన్న వస్తువులతో చేయించుకోవాలి: రిమోట్ బదులు సిగ్నల్ కొట్టే ఐఆర్ బ్లాస్టర్, గదిలో మనిషి ఉన్నారా లేదా చెప్పే సెన్సర్, గది ఎంత వేడిగా ఉందో చెప్పే చిన్న టెంపరేచర్ సెన్సర్. చాలా బ్లాస్టర్లలో ఈ మూడోది కలిసే వస్తుంది, అలాంటిదే తీసుకోండి.

ఇంత హైరానా ఎందుకంటే బిల్లు శ్లాబుల వల్ల. మన రాష్ట్రంలో 2022లో వచ్చిన టారిఫ్ ప్రకారం ఇంటి వాడకం నెలకి 225 యూనిట్లు దాటాక ఒక్కో యూనిట్ 8 రూపాయల 75 పైసలు, 400 దాటాక 9 రూపాయల 75 పైసలు, ప్రకాశంలో ఉన్నా నెల్లూరులో ఉన్నా ఇదే. ఏసీ కాల్చే యూనిట్లు ఎప్పుడూ మీటరు మీద చివర్లో వచ్చి పడేవే, అంటే అన్నిటికంటే ఖరీదైనవి. ఒకటిన్నర టన్ను ఏసీ గంటకి 1.2 యూనిట్లు తీసుకుంటోందనుకుందాం. రోజుకి రెండు గంటలు ఖాళీ గదిని చల్లబరిస్తే నెలకి 72 యూనిట్లు, పై శ్లాబులో ఏడొందల రూపాయలు, అదీ అదనపు చార్జీలు కలపకుండా. ఆ రెండు గంటలు ఎక్కడ పోతున్నాయంటే, భోజనానికి లేచి టీవీ ముందు కూర్చుండిపోయినప్పుడు, పక్కింటివాళ్ళు పిలిస్తే గుమ్మంలో నిలబడి మాట్లాడుతున్నప్పుడు, అమ్మ మిద్దె మీద ఒడియాలు తిప్పడానికి వెళ్ళినప్పుడు.

ఇక అసలు సంగతి. నేను మొదటిసారి పెట్టుకున్నది తప్పు. ఫోన్ లొకేషన్ చూసి, నా ఫోనూ నా భార్య ఫోనూ ఇంటికి 300 మీటర్ల అవతలికి పోతే ఏసీ ఆఫ్ అయ్యేట్టు పెట్టాను, పైగా గదిలో మామూలు మోషన్ సెన్సర్ ఒకటి. రోహిణి కార్తెలో ఒక మధ్యాహ్నం ఇద్దరం నెల్లూరు పెళ్ళికి వెళ్ళాం. అమ్మ అన్నం తిని గది తలుపు వేసుకుని పడుకుంది. ఆమెకున్నది బటన్ల ఫోను, దాని సంగతి సిస్టమ్‌కి తెలియదు. కదలకుండా నిద్రపోతోంది కాబట్టి మోషన్ సెన్సర్‌కీ కనపడలేదు. ఏసీ ఆగిపోయింది. గంట తర్వాత ఫోన్ చేసి, "ఏందబ్బయ్యా, ఫాను తిరగతా ఉంది, ఏసీ మాత్రం రావడం లేదు, ఒళ్ళంతా చెమటలు" అంది. బయట వడగాడ్పు, మాది పై అంతస్తు, శ్లాబు పొయ్యి మీద పెనంలా కాలుతోంది. డెబ్బై ఏళ్ళ మనిషిని అలా ఉంచినందుకు నాకిప్పటికీ మనసు చివుక్కుమంటుంది. అందుకే ఈ రూలు గట్టిగా చెప్తున్నాను: "ఇంట్లో ఎవరూ లేరు" అని తేల్చే అధికారం ఫోన్లకి ఇవ్వొద్దు. ఇంట్లో పెద్దవాళ్ళో, ఫోన్ లేని పిల్లలో, పనిమనిషో ఉంటే ఫోన్ చెప్పేది అబద్ధమైపోతుంది.

మోషన్ సెన్సర్ ఎందుకు మోసం చేసిందో కూడా తెలుసుకోవాలి. బ్యాటరీ మీద నడిచే చవక సెన్సర్లు దాదాపు అన్నీ పీఐఆర్ రకం. మన ఒంటి వేడి దాని ముందు ఒక చోటి నుంచి ఇంకో చోటికి కదిలితేనే దానికి తెలుస్తుంది, పడుకున్న మనిషి దాని దృష్టిలో లేనట్టే. ఇంకో చిక్కుంది, ఇది మన ప్రాంతానికి ముఖ్యం. అది చూసేది ఒంటికీ వెనకాల గోడకీ మధ్య వేడిలో ఉన్న తేడాని. మే నెలలో పై అంతస్తు గోడ 36, 37 డిగ్రీలకి చేరితే ఆ తేడా కరిగిపోతుంది, అప్పుడు నడిచే మనిషిని కూడా సరిగ్గా పట్టుకోలేదు. ఏసీ బాగా అవసరమైన రోజుల్లోనే ఈ సెన్సర్ మందగిస్తుందన్నమాట.

కాబట్టి పడకగదికి ఎంఎంవేవ్ రాడార్ రకం ప్రెజెన్స్ సెన్సర్ కొనండి. డబ్బా మీద 24 గిగాహెర్ట్జ్ అనో 60 గిగాహెర్ట్జ్ అనో రాసి ఉంటుంది. ఇది రేడియో తరంగాలు పంపి, తిరిగొచ్చే వాటిలో తేడాని చూస్తుంది, నిద్రలో ఊపిరికి ఛాతీ లేచి పడే కదలిక కూడా దీనికి అందుతుంది. కెమెరా కాదు, బొమ్మ తీయదు, పడకగదిలో పెట్టడానికి భయపడక్కర్లేదు. ఎక్కువ శాతం బ్యాటరీ మీద నడవవు, ఎప్పుడూ కరెంటు ఉండాలి, అందుకని ఫోన్ చార్జర్ పెట్టుకునే ప్లగ్ దగ్గర్లో చోటు చూసుకోండి.

రాడార్‌తో మన ఇళ్ళలో వచ్చే పెద్ద తలనొప్పి సీలింగ్ ఫాను. నేను మొదట తలుపు పైన, ఎత్తులో బిగించాను. అందరం బయటికొచ్చేసినా యాప్‌లో "ఉన్నారు" అనే చూపిస్తోంది. దూరం ఎంత చూపిస్తోందో గమనిస్తే 2.1 మీటర్లు, టేపు పెట్టి కొలిస్తే సరిగ్గా ఫాను ఉన్న చోటు. ఫాను ఆపి హాల్లో నిలబడ్డాను, నిమిషం లోపే "లేరు" అని మారింది. దాన్ని తీసి బీరువా పక్క గోడకి, మంచం కంటే ఒక అడుగు ఎత్తులో, మంచం వైపు తిప్పి పెట్టాను, ఫాను రెక్కలు దాని చూపులో పడకుండా. యాప్‌లో దూరాన్ని మంచం అవతలి అంచు దాకానే, మా గదికి 3 మీటర్లు, కుదించాను. ఈ కుదింపు మర్చిపోవద్దు, ఎందుకంటే చెక్క తలుపుల్నీ పలచటి గోడల్నీ రాడార్ దాటి చూస్తుంది, వంటింట్లో ఎవరో గిన్నెలు కడుగుతుంటే పడకగదిలో మనిషి ఉన్నట్టు లెక్కేస్తుంది. ఏసీ గాలికి ఊగే కర్టెన్ కూడా మనిషే దానికి. కర్టెన్ని పక్కకి కట్టేయండి లేదా ఆ దూరానికి సెన్సిటివిటీ తగ్గించండి.

బ్లాస్టర్ సంగతి. వైఫై 2.4 గిగాహెర్ట్జ్ మీదే చాలావరకు కనెక్ట్ అవుతుంది, రూటర్‌లో 5 మాత్రమే ఆన్ చేసి ఉంటే అది దొరకదు. ఏసీ కంటికి అది నేరుగా కనపడాలి, బీరువా వెనక దాచితే పనిచేయదు. మీ ఏసీ మోడల్ యాప్ లిస్టులో లేకపోతే రిమోట్ నుంచి నేర్పించాలి, ఇక్కడ చాలామంది పొరబడతారు. టీవీ రిమోట్‌లా ఏసీ రిమోట్ ఒక్క బటన్ సిగ్నల్ పంపదు, ఒక్కసారి నొక్కితే ఆన్ ఆఫ్, డిగ్రీలు, మోడ్, ఫాను స్పీడు అన్నీ కలిపి మొత్తం పంపుతుంది. అందుకని "పవర్ బటన్" అని ఒకటి నేర్పి వదిలేయకుండా, "ఆఫ్" విడిగా, "కూల్ 26" విడిగా, "కూల్ 28" విడిగా నేర్పండి. ఏసీ నిజంగా విన్నదో లేదో బ్లాస్టర్‌కి తెలియదు, చెప్పడం వరకే దాని పని. టెంపరేచర్ సెన్సర్ అవసరం ఇక్కడే: ఆన్ చేసిన 20 నిమిషాలకి గది ఒక డిగ్రీ కూడా తగ్గకపోతే మళ్ళీ ఆన్ పంపి, ఫోన్‌కి మెసేజ్ పెట్టమనండి.

ఖర్చు తగ్గుతుంది కదా అని 16 ఆంపియర్ స్మార్ట్ ప్లగ్ పెట్టి ఏసీకి కరెంటే కోసేసే పద్ధతి చెప్పేవాళ్ళున్నారు. ఆ పని చేయకండి. ఏసీని ఎప్పుడూ దాని రిమోట్ సిగ్నల్‌తోనే ఆపాలి, నడుస్తున్న కంప్రెసర్‌కి తటాలున కరెంటు కోయడం దానికి మంచిది కాదు.

ఇప్పుడు టైమింగులు. సెన్సర్ "లేరు" అన్న వెంటనే ఏమీ చేయకూడదు. 10 నిమిషాలు ఆగాక కూల్ 28కి మార్చండి, ఇంకో 20 నిమిషాలు ఎవరూ రాకపోతే అప్పుడు ఆఫ్. ఒడియాలు తిప్పి వచ్చిన మనిషికి గది ఇంకా చల్లగానే దొరుకుతుంది, ఊరెళ్ళిన రోజు అరగంటలో ఆగిపోతుంది. రాత్రి పదకొండు నుంచి పొద్దున ఆరు దాకా అసలు ఆఫ్ రూలే వద్దు, డిగ్రీలు పెంచడం వరకే ఉంచండి, ఎందుకంటే సెన్సర్ ఒకసారి తప్పు చేసినా నిద్ర పాడవకూడదు. మనిషి ఉన్నప్పుడు 26 పెట్టి ఫాను వేసుకుంటే మాకు సరిపోతోంది. ఒక్కో డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు తగ్గుతుందని బీఈఈ (కరెంటు పొదుపు చూసే, స్టార్ రేటింగులిచ్చే కేంద్ర ప్రభుత్వ సంస్థ) లెక్క, 2020 నుంచి స్టార్ రేటింగ్ ఉన్న కొత్త రూమ్ ఏసీలు 24 డిగ్రీల డిఫాల్ట్‌తో రావడం కూడా వాళ్ళు పెట్టిన రూలే.

ఫోన్ లొకేషన్ని పూర్తిగా తీసేయక్కర్లేదు, దాన్ని ఆపడానికి కాకుండా ఆన్ చేయడానికి వాడుకోండి. ఆఫీసు నుంచి బయల్దేరి ఇంటికి రెండు కిలోమీటర్ల దూరంలోకి రాగానే కూల్ 26 వేసేట్టు పెట్టాను, తలుపు తీసేసరికి గది కాస్త ఊపిరి పీల్చుకునేలా ఉంటుంది.

వేసవిలో కరెంటు పోయి రావడం మనకి మామూలే కాబట్టి దీనికీ ఒక రూలుండాలి. ఆటో రీస్టార్ట్ ఉన్న ఏసీ, పోయేముందు నడుస్తూ ఉంటే, కరెంటు రాగానే ఖాళీ ఇంట్లో అయినా మళ్ళీ మొదలవుతుంది. రూటరు, బ్లాస్టరు, సెన్సరు మూడూ ఇన్వర్టర్ లైన్లో పెట్టండి, పెద్ద లోడేమీ కాదు. అరగంటగా ఎవరూ లేకపోయినా గది చల్లబడుతోందంటే ఆఫ్ పంపమని ఒక రూలు రాయండి, దాంతో ఈ బాధ పోతుంది.

అంతా పెట్టాక నమ్మేముందు ఒక పరీక్ష చేయండి. మధ్యాహ్నం ఫాను వేసుకుని, దుప్పటి కప్పుకుని, గోడ వైపు తిరిగి 40 నిమిషాలు కదలకుండా పడుకోండి, ఫోన్ హాల్లో వదిలేయండి. తర్వాత లేచి యాప్‌లో చరిత్ర చూడండి, మధ్యలో ఒక్కసారైనా "లేరు" అని పడితే సెన్సర్‌ని అర అడుగు దగ్గరికి జరిపి మళ్ళీ పడుకోవాలి. మాకు మూడోసారికి కుదిరింది, మూడోసారి పడుకున్నది నేను కాదు, అమ్మ. ఆమె ఊపిరి నాకంటే నెమ్మది, ఆమెని పట్టుకుంటేనే సెన్సర్ పాసయినట్టు. రిమోట్ మాత్రం ఆమె తలగడ పక్కనే ఉంటుంది. ఆమె నొక్కిన సంగతి బ్లాస్టర్‌కి తెలియదు కాబట్టి, మనిషి గదిలో ఉన్నంతసేపూ సిస్టమ్ తనంతట తాను ఏ మార్పూ చేయకుండా పెట్టేశాను.