బక్‌థార్న్ పొదలను నరికే ముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

ఐరోపా, పశ్చిమాసియాలకు చెందిన కామన్ బక్‌థార్న్‌ను పంతొమ్మిదో శతాబ్దంలో కంచె మొక్కగా ఉత్తర అమెరికాకు తెచ్చారు. మినెసోటాలో నర్సరీలు 1930లలోనే దీని అమ్మకం మానేసినా, పండ్లు తిన్న పక్షులు గింజలను దూరదూరంగా రాల్చడంతో అది పెరళ్లు దాటి అడవుల్లోకి పాకింది. దాని దట్టమైన నీడలో స్థానిక మొక్కలు ఎదగలేవు. సోయాబీన్‌ను పీడించే పేనుబంక శీతాకాలాన్ని ఈ పొదపైనే గడుపుతుంది.

మిగతా చెట్ల ఆకులు రాలాక కూడా ఇది పచ్చగానే ఉంటుంది కనుక అక్టోబరు, నవంబరు నెలల్లో దీన్ని గుర్తించడం తేలిక. అయినా ఆ ఒక్క ఆనవాలునే నమ్మి రంపం పట్టకూడదు. ఆకు అంచున సన్నని రంపపు పళ్లు, కొన వైపు వంగిన ఈనెలు, చాలా రెమ్మల చివర పొట్టి ముల్లు, బెరడును గీరితే లోపల నారింజ రంగు కనిపించాలి. సందేహముంటే స్థానిక వ్యవసాయ విస్తరణ కార్యాలయంలో చూపించి నిర్ధారించుకోవాలి.

ముళ్లు గట్టివి కాబట్టి మందపాటి తోలు చేతితొడుగులు, నిండు చేతుల చొక్కా, కళ్లకు రక్షణ అద్దాలు తప్పనిసరి. మన రేగు కూడా ఇదే కుటుంబానికి చెందినదే అయినా, బక్‌థార్న్ నల్లని పండ్లు తింటే వాంతులు, విరేచనాలు అవుతాయి. మినియాపొలిస్, షికాగో శివార్లలో ఇళ్లున్న తెలుగువారు, పండు కనిపిస్తే కోసి నోట్లో వేసుకునే పిల్లలకు ఈ సంగతి ముందే చెప్పాలి.

అన్నిటికన్నా పెద్ద ప్రమాదం నరికి వదిలేయడమే. కలుపు మందు రాయని మోడు నుంచి అనేక పిలకలు లేచి పొద మునుపటికన్నా గుబురవుతుంది. కాబట్టి మందు సిద్ధంగా పెట్టుకున్నాకే నరకాలి. గ్లైఫోసేట్ వంటి నీటిలో కలిపే మందును కోసిన వెంటనే మోడుపై, ముఖ్యంగా బెరడును ఆనుకున్న వలయానికి బ్రష్‌తో పూయాలి. డబ్బాపై ముద్రించిన మోతాదును, సూచనలను మీరకూడదు, పక్క మొక్కలపై చుక్క పడనీయకూడదు. వసంతంలో మొక్కరసం పైకి ఎగబాకేటప్పుడు ఈ పద్ధతి అంతగా పనిచేయదు. వేలి లావు లేని లేత మొక్కలను మాత్రం నేల తడిగా ఉన్నప్పుడు వేళ్లతో సహా పీకవచ్చు.

పండ్లున్న కొమ్మలను వేరే చోటికి తరలిస్తే గింజలూ వెంట వెళతాయి. వాటిని ఎలా పారవేయాలో ఊరి యంత్రాంగాన్ని అడిగి తెలుసుకోవాలి. నేలలో పడిన గింజలు కొన్నేళ్ల పాటు మొలిచే శక్తితో ఉంటాయి కనుక, పొద పోయిన చోట కనీసం ఐదారేళ్లు ప్రతి శరత్తులోనూ వెతికి మొలకలను పీకివేయాలి.