గోదారి ఎత్తు మార్చకండి, మామయ్యని మార్చండి

ఇంట్లో విన్న సంగతిని కథగా రాద్దామనుకున్న కొత్తలో అందరూ చేసే తప్పే నేనూ చేశాను, విన్నది విన్నట్టు దించేశాను. 1986 వరదలో, భద్రాచలం దగ్గర ఏటి ఒడ్డు ఊళ్ళో, నీళ్ళు వాకిట్లోకి వస్తుంటే మా అమ్మమ్మ బియ్యం బస్తా వదిలేసి రుబ్బురోలు పొత్రం చంకన పెట్టుకుని బయల్దేరింది. చదివిన ఫ్రెండ్ "పొత్రం ఏంట్రా, కామెడీ ట్రాకా?" అన్నాడు. నిజంగానే జరిగిందిరా అన్నాను. చదివే ప్రతివాడి దగ్గరికీ వెళ్ళి ఆ మాట చెప్పి రాలేం కదా.

అందుకని ఇప్పుడు రాయడానికి కూర్చునే ముందు ఒక తెల్లకాగితం మీద మూడు గడులు గీస్తాను. అందరూ కళ్ళారా చూసింది ఒక గడి, ఎవరో చెప్పగా విన్నది రెండోది, ఎవరికీ తెలియనిది మూడోది. పొత్రం మోసుకెళ్ళడం మొదటి గడిలోకి వస్తుంది. ఎందుకు మోసిందో అమ్మకీ తెలీదు, పిన్నికీ తెలీదు, అడుగుదామంటే అమ్మమ్మ లేదు. అది మూడో గడి, కల్పనకి చోటు అక్కడే. చాలామంది దీన్ని తిరగేస్తారు, పొత్రం తీసేసి నగల పెట్టె పట్టిస్తారు, ఎందుకు తీసుకెళ్ళిందో మాత్రం చెప్పరు. నేను పొత్రాన్ని కదపకుండా ఒక్క మాట చేర్చాను:

"రోలు ఎక్కడికీ పోదే, బరువు. పొత్రమే దొర్లిపోద్ది. తిరిగొచ్చాక దేంతో రుబ్బుకోను?"

ఆ తర్వాత కామెడీ అన్నవాళ్ళు లేరు.

నలుగురికీ తెలిసిన నిజాల జోలికి మాత్రం వెళ్ళకండి. ఊరి పేరు మీ ఇష్టం, కల్పించుకోండి. గోదావరి అయితే 1986 ఆగస్టు 16న భద్రాచలం దగ్గర 75.6 అడుగులకి చేరింది, అక్కడ మూడో ప్రమాద హెచ్చరిక ఇచ్చేదే 53 అడుగులకి. ఆ రాత్రి డాబాల మీద గడిపినవాళ్ళు మీ కథ చదువుతారు, అరవై అని రాశారంటే అక్కడితో పక్కన పడేస్తారు.

తేదీలు సరిచూడటం బోరు పనే గానీ, నాకు దొరికిన మంచి సరుకంతా అక్కడిదే. అమ్మ "శ్రావణమాసం" అని మాత్రమే చెప్పింది. లెక్క చూస్తే ఆగస్టు 15 శుక్రవారం, పౌర్ణమి 19న. అంటే నీళ్ళు ఆ ఎత్తుకి చేరడానికి ముందురోజే వరలక్ష్మీ వ్రతం! ఇంట్లో వాయనానికి నానబెట్టిన శనగలు ఉండి తీరాలి. గుట్ట మీద పిల్లలకి మొదటి పూట ఏం పెట్టారో ఇంక నేను బుర్ర బద్దలు కొట్టుకోనక్కర్లేకపోయింది.

మాటలూ అంతే. తాలూకాలు పోయి మండలాలు 1985లో వచ్చాయి, కరణాల ఉద్యోగాలు 1984లోనే పోయాయి. కాబట్టి 1986 కథలో ముసలాయన నోట "మన తాలూకా" అనే రావాలి, ఉద్యోగం పోయినాయన్ని ఊరు ఇంకా "కరణం గారూ" అనే పిలుస్తుండాలి. ఇలాంటివి రెండు చాలు, ఇరవై పెడితే జీకే పుస్తకం అవుతుంది.

మనుషుల దగ్గరికి వచ్చేసరికి రివర్సు, ఎంత మారిస్తే అంత మంచిది. పేరు మారిస్తే సరిపోతుందనుకున్నాను నేను. మా మామయ్య కుడిచేతికి వాచీ పెట్టుకుంటాడు, లెక్క చెప్పేటప్పుడు ముక్కు గోక్కుంటాడు, ఆ రెండూ ఉంచేసి పేరొక్కటి మార్చి పిసినారి పాత్ర చేశాను. ఓ పెళ్ళిలో, భోజనాల బంతిలో, పక్కనే కూర్చుని "ఏరా అల్లుడూ, కథలో ముక్కు గోక్కునే ఆయనకి పడవ డబ్బులు నువ్విస్తావా, నన్నే ఇమ్మంటావా?" అన్నాడు. పులిహోర గొంతుకి అడ్డం పడింది.

పేరు కాదు, ముందు వృత్తి మార్చండి. రైతు మామయ్యని దర్జీని చేశాను. దర్జీ అయ్యేసరికి ఎడ్ల కోసం కాకుండా కుట్టుమిషను కోసం వెనక్కి వెళ్తాడు, పడవవాడు మిషనుకి ఒక మనిషి లెక్క అడుగుతాడు, మెడలోతు నీళ్ళలో నిలబడి ఈయన బేరం ఆడతాడు. పిసినారితనం మిగిలింది, మామయ్య మాయమయ్యాడు, వాచీ, ముక్కు కూడా అక్కర్లేకపోయాయి. ఇంకా అనుమానముంటే ఇద్దరిని కలిపి ఒకణ్ణి చేయండి. బతికున్నవాళ్ళ జబ్బులు, అప్పులు, కాపురం గొడవలు మాత్రం ఎంత ముసుగేసినా తెలిసిపోతాయి, వాళ్ళని అడిగి రాయండి, లేదంటే వదిలేయండి.

నిజమే మరీ సినిమాలా ఉంటే? మా గేదె పది రోజుల తర్వాత తనంతట తనే దొడ్లోకి వచ్చిందట. రాస్తే నమ్మరు, కొట్టేయడానికేమో మనసు రాదు. నమ్మని మనిషిని కథలోనే పెట్టేయండి. నా కథలో పక్కింటావిడ "అది మీ గేదె కాదు, ఆ కొమ్ము చూడు" అని తగువుకొస్తుంది. చదివేవాళ్ళకి రావాల్సిన అనుమానం ఆవిడే అడిగేస్తుంది, మనం బతికిపోతాం.

కథ పూర్తయ్యాక అమ్మకి చదివి వినిపించాను. పొత్రం మాట దగ్గర ఆపి "అవును, అమ్మ అచ్చం అలాగే అంది" అంది. ఎందుకు మోసిందో తెలీదన్న మనిషే! ఇప్పుడు చుట్టాలకి కూడా అలాగే చెప్తోంది. అందుకే ఆ మూడు గడుల కాగితాన్ని తేదీ వేసి దాచుకోండి, ఓ ఏడాది పోతే ఎవరు చెప్పింది ఏదో, మనం కల్పించింది ఏదో మనకే గుర్తుండదు.