ఫ్లూ మరణాల లెక్క – 3వ పాఠం: ‘మామూలు’ ఎంతో తేల్చడం

మరణ ధ్రువీకరణ పత్రాన్ని ఎలా చదవాలో గత పాఠంలో చూశాం. చలికాలంలో ఫ్లూ సోకిన డెబ్బై ఏళ్ల పెద్దాయన జ్వరం తగ్గాక, రెండో వారంలో న్యుమోనియాతోనో గుండెపోటుతోనో చనిపోతారు. పత్రంలో ఆ చివరి జబ్బే ఉంటుంది. అప్పుడు పరీక్ష చేసినా వైరస్ దొరకకపోవచ్చు. అందుకే ఫ్లూ మృతులను ఒక్కొక్కరిగా లెక్కపెట్టబోతే అంకె తక్కువే వస్తుంది.

దీనికి ఉపాయం పాతదే. 1847లో లండన్‌ను ఫ్లూ ముంచెత్తినప్పుడు గణాంకాధికారి విలియం ఫార్, పత్రాల్లో ఏ కారణం రాశారన్నది పక్కన పెట్టారు. ఆ కాలంలో మామూలుగా సంభవించే మరణాలకంటే మొత్తం ఎన్ని పెరిగాయో చూశారు. అవే అదనపు మరణాలు.

ఇక పెన్సిల్ తీయండి. ఈ అంకెలు అభ్యాసం కోసం నేను కల్పించినవి. ఒక పట్టణంలో జనవరి మూడో వారపు మరణాలు గత అయిదేళ్లలో వరుసగా 118, 121, 164, 120, 121. ఈ ఏడాది అదే వారంలో 150.

అయిదింటికీ సగటు కడితే 128.8. తీసివేస్తే అదనం 21. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. కానీ 164 వచ్చిన ఏడాది ఫ్లూ చెలరేగిందనుకుందాం. ఆనాటి ఫ్లూ మృతులను కూడా ‘మామూలు’లో కలిపేశామన్నమాట! ఆ ఏడాదిని వదిలేస్తే సగటు 120, అదనం 30. తొమ్మిది మంది లెక్కలోంచి జారిపోబోయారు.

అలాగని పెద్దగా కనబడిన ప్రతి అంకెనూ కొట్టేయకూడదు. ఆ వారాల్లో ల్యాబుల్లో ఫ్లూ పాజిటివ్‌లు పెరిగాయా అన్నది ముందు చూడాలి. పెరగకపోతే కారణం చలిగాలులు కావచ్చు, మరో వైరస్ కావచ్చు. నా దృష్టిలో ఈ విద్యలో కష్టమంతా ఈ ఎంపికలోనే ఉంది. మిగిలింది బడిపిల్లల తీసివేత. అమెరికాకు చెందిన రాబర్ట్ సెర్‌ఫ్లింగ్ 1963లో ఈ పనిని ఒక పద్ధతిలో పెట్టారు: ఫ్లూ వారాలను తొలగించి, మిగతా వారాల మరణాలకు చలికాలంలో పైకి లేచి వేసవిలో దిగే వంపు గీత గీస్తారు. దానికి పైన మిగిలిందే అదనం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే ఏడాదికి 2.9 లక్షల నుంచి 6.5 లక్షల మరణాలు ఈ కోవ అంచనాలే. అందులో శ్వాసకోశ మరణాలు మాత్రమే ఉన్నాయని గుర్తుంచుకోండి. మనం మొదట చెప్పుకున్న గుండెపోటు ఆ అంకెలోకి రాదు.

ఈ పద్ధతిని మన దేశానికి యథాతథంగా తేవడం కుదరదు. ఇక్కడ ఫ్లూ జనవరి–మార్చిలో ఒకసారి, వానాకాలంలో మరోసారి పెరుగుతుంది. ఒకే శిఖరం ఉన్న గీత గీస్తే రెండోది ‘మామూలు’ కింద కలిసిపోతుంది.

వచ్చే పాఠానికి అభ్యాసం (ఇవీ కల్పితాలే): ఆగస్టులో ఒక వారం మరణాలు గత అయిదేళ్లలో 95, 97, 96, 131, 96. ఈ ఏడాది 112. 131 వచ్చిన వారంలో ఫ్లూ పాజిటివ్‌లు పెరగలేదు గానీ పట్టణాన్ని వరద ముంచింది. ఆ అంకెను ఉంచి ఒకసారి, తీసి ఒకసారి అదనం కట్టండి. ఏ సమాధానాన్ని నిలబెడతారో, ఎందుకో రెండు వాక్యాల్లో రాసి పెట్టుకోండి.