పొట్టి రింగుల జుట్టుకు ట్విస్టులు, లాక్స్ మొదలుపెట్టడం ఎలా?

మా అక్క కొడుకు పుట్టింది, పెరుగుతున్నది హ్యూస్టన్‌లో. మా బావగారు నల్లజాతి అమెరికన్. వాడికి జుట్టు అచ్చం నాన్నదే వచ్చింది, స్ప్రింగుల్లా చిన్న చిన్న చుట్లు. తొమ్మిదో ఏట "పిన్నీ, నాకు లాక్స్ కావాలి" అన్నాడు. లాక్స్ అంటే లోపల్లోపల అల్లుకుపోయి తాళ్ళలా వేలాడే జుట్టు పాయలు. మా అక్క వెంటనే కొబ్బరినూనె సీసా, సన్నపళ్ళ దువ్వెన తెచ్చింది. వాడి నానమ్మ నవ్వుతూ ఆ రెండూ అందుకుని అలమారలో పెట్టేసింది. ఆ మధ్యాహ్నం ఆవిడ పక్కన కూర్చుని నేర్చుకున్నదే ఇక్కడ రాస్తున్నాను. తెలుగింటి చేతులకు అలవాటైన నూనె, దువ్వెన ఈ జుట్టు దగ్గర పెద్దగా పనికిరావు. తడి, వేళ్ళు, ఓపిక ఉంటే చాలు.

కారణం వెంట్రుకలోనే ఉంది. ఈ వెంట్రుకను అడ్డంగా కోసి చూస్తే గుండ్రంగా ఉండదు, కాస్త నొక్కినట్టు చదునుగా ఉంటుంది. కుదురు కూడా చర్మం లోపల వంపు తిరిగి ఉంటుంది. మాడు మీద ఊరే జిడ్డు అన్ని మెలికలూ దాటి చివరిదాకా పాకలేదు. అందుకని జుట్టు త్వరగా ఎండిపోతుంది. ఎండినప్పుడు దువ్వితే ఆ మెలికల దగ్గరే పుటుక్కున తెగుతుంది.

ముందు ఏది కావాలో తేల్చుకోండి

ట్విస్టులంటే రెండు పాయల్ని ఒకదాని మీద ఒకటి మెలేయడం. వారం, రెండు వారాలు ఉంచుకుని విప్పేయొచ్చు. విప్పకుండా అలాగే పెంచితే వెంట్రుకలు లోపల్లోపల అల్లుకుపోయి లాక్స్ అవుతాయి. ఒకసారి ముదిరాక విప్పడం చాలా కష్టం, చాలామంది కత్తిరించుకునే వదిలించుకుంటారు. పిల్లాడు అడిగితే ముందు ఓ నెల ట్విస్టులతో తిరగనివ్వండి. అప్పటికీ మనసు మారకపోతే లాక్స్ సంగతి చూడొచ్చు.

జుట్టును మెల్లగా లాగి పట్టి కొలవండి. ఊరికే చూస్తే ఉన్నదాంట్లో సగం కూడా కనపడదు, అంతగా ముడుచుకుంటుంది. లాగితే మూడంగుళాలు వస్తే రెండు పాయల ట్విస్టు చక్కగా నిలుస్తుంది. అంగుళం, అంగుళంన్నర మాత్రమే ఉంటే దువ్వెనతో చుట్టే కాయిల్స్ వేసుకోవాలి.

దగ్గర పెట్టుకోవలసినవి

వెడల్పు పళ్ళ దువ్వెన, సూదిలాంటి తోక ఉన్న దువ్వెన, ఓ డజను క్లిప్పులు, నీళ్ళు చిమ్మే సీసా, జిగురు మిగలని షాంపూ, కలబంద జెల్. కలబంద బదులు అవిసె గింజలు ఉడికించి వడకట్టిన జెల్ కూడా బాగుంటుంది. తేనెమైనం, పెట్రోలియం జెల్లీ వద్దు. లాక్ లోపలికి వెళ్ళాక అవి ఎన్ని కడుగులకీ పోవు, నూగూ దుమ్మూ పట్టి బూడిదరంగు తేలతాయి. కొబ్బరినూనె ఎందుకు వద్దని అక్క అడిగితే ఆవిడ కిటికీ దగ్గరున్న సీసా చూపించింది. తెల్లగా గడ్డకట్టి ఉంది. 24 డిగ్రీల లోపుకి వస్తే అది పేరుకుంటుంది మరి, ఏసీ గదిలో లాక్ మధ్యన కూడా అంతే. నూనె కావాలంటే జొజోబా రెండు చుక్కలు అరచేతిలో రాసుకుని పైపైన అద్దితే సరి.

పాపిడి తీయడం

పనంతా ఇక్కడే ఉంది. తలస్నానం చేయించి, కండిషనర్ రాసి, అది కడగకముందే చివర్ల నుంచి కుదుళ్ళ వైపు వేళ్ళతో చిక్కు తీయండి. తర్వాత లాక్స్ కోసమైతే కండిషనర్ పూర్తిగా కడిగేయాలి, నున్నగా జారే జుట్టు పట్టుకోదు. తడి ఆరకుండా నీళ్ళు చిమ్ముతూ, మెడ వెనక నుంచి మొదలుపెట్టి పైకి రండి. తోక దువ్వెనతో అరంగుళం నుంచి ముప్పాతిక అంగుళం చదరాలుగా విడదీయండి. పేలు చూసేటప్పుడు పాయ పాయ విడదీస్తామే, అదే ఓపిక, కాకపోతే గీత తిన్నగా ఉండాలి. గళ్ళను ఒకదాని కింద ఒకటి పెట్టకండి. ఇటుక గోడలో వరసకీ వరసకీ సందు తప్పించినట్టు పెడితే మాడు బయటికి కనపడదు. ఈ గడి లాక్‌కు పునాది. ట్విస్టు వంకరైతే రేపు విప్పి వేసుకోవచ్చు, గడి వంకరైతే ఏళ్ళతరబడి అలాగే ఉంటుంది.

మా వాడికి మొత్తం 84 గళ్ళు వచ్చాయి. మూడున్నర గంటలు పట్టింది, మధ్యలో రెండు సార్లు నూడుల్స్.

మెలేయడం

గడిలోని జుట్టును సమానంగా రెండు పాయలు చేయండి. బఠాణీ గింజంత జెల్ కుదురు నుంచి చివరిదాకా పట్టించండి. నానమ్మ నా చేతిని పట్టుకుని చూపించింది: ఒక్కో పాయను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య వత్తి పేనినట్టు కుడివైపుకి పేనాలి, పేనిన రెండింటినీ ఒకదాని చుట్టూ ఒకటి ఎడమవైపుకి తిప్పాలి. తాడుకు పురి ఎక్కించడం తెలిసినవాళ్ళకి ఇది చెప్పక్కర్లేదు. ఎదురెదురు పురి ఉంటేనే విడిపోకుండా నిలుస్తుంది. నేను మొదట వేసిన నాలుగూ ఒకే దిక్కుకి తిప్పాను, వాడు తల ఇటు తిప్పేలోగా ఊడిపోయాయి. చివరికి వచ్చాక వేలికి చుట్టి వదలండి, చిన్న రింగుగా మూసుకుంటుంది.

కాయిల్స్ అయితే రెండు పాయలు అక్కర్లేదు. సన్నపళ్ళ దువ్వెనను కుదురు దగ్గర గుచ్చి, గుండ్రంగా తిప్పుతూ చివరిదాకా దింపండి. (అక్క తెచ్చిన దువ్వెనకి ఇక్కడొక పని దొరికింది.) తల మొత్తం ఒకే దిక్కు ఉండాలి, ఆ దిక్కు గుర్తుపెట్టుకోండి. తర్వాత ఎప్పుడు తిప్పినా అటే.

బిగుతు విషయంలో జాగ్రత్త. చుట్టూ చర్మం పైకి లేచినట్టున్నా, కుదుళ్ళ దగ్గర తెల్లటి పొక్కులొచ్చినా, ఆ రాత్రి దిండు మీద తల ఆనలేకపోతున్నా బిగుతు ఎక్కువైందనే అర్థం. వెంటనే వదులు చేయండి. ఏళ్ళతరబడి లాగిన కుదుళ్ళు మళ్ళీ మొలవకపోవచ్చు, నుదుటి పక్కలు ముందు పలచబడతాయి.

తర్వాతి నెలలు

రాత్రిళ్ళు తలకు తొడిగే శాటిన్ టోపీ (బానెట్) గానీ, శాటిన్ దిండుగలీబు గానీ తప్పనిసరి. నూలు గుడ్డ తడి పీల్చి నూగు అంటిస్తుంది. లాక్స్ కోసమైతే మొదటి తలస్నానానికి మూడు నాలుగు వారాలు ఆగండి. వలటోపీ తొడిగి, షాంపూ నీళ్ళలో కలిపి పోసి, రుద్దకుండా అద్దుతూ కడగండి. బాగా ఆరబెట్టండి, లోపల తడి మిగిలితే ముక్కిన వాసన వస్తుంది. కుదుళ్ళు మళ్ళీ తిప్పడం నాలుగు నుంచి ఆరు వారాలకోసారి చాలు. పదిరోజులకోసారి తిప్పితే నీటుగానే ఉంటుంది గానీ జుట్టు సన్నబడిపోతుంది.

మూడో నెల నుంచి మధ్యమధ్య చిన్న ఉబ్బులు తేలతాయి, అవి లాక్ కడుతున్న గుర్తు. ఆ రోజుల్లో తల చెదిరిపోయినట్టే ఉంటుంది, కంగారుపడకండి. పూర్తిగా ముదరడానికి ఏడాది, ఏడాదిన్నర పడుతుంది. ఎప్పుడైనా ఒకటి విప్పితే చేతినిండా వెంట్రుకలొస్తాయి. రోజూ సహజంగా రాలేవి కింద పడే దారిలేక లోపలే ఉండిపోయాయంతే.

బడి సంగతి కూడా ముందే కనుక్కోవాలి. ఇలాంటి జుట్టు పేరు చెప్పి ఉద్యోగాలు, బడి సీట్లు కాదనకుండా కాలిఫోర్నియా 2019లో క్రౌన్ చట్టం చేసింది. మా అక్కవాళ్ళుండే టెక్సస్‌లో 2023 సెప్టెంబర్ 1 నుంచి ఉంది. అయితే ఆ చట్టం జుట్టు పొడవు మీద బడి పెట్టే నియమాన్ని ఆపదని 2024 ఫిబ్రవరిలో అక్కడి జడ్జి ఒకరు తీర్పిచ్చారు. అందుకని మా అక్క బడి నియమాల పుస్తకంలో పొడవు గురించి ఏముందో చదివాకే ఒప్పుకుంది.

ఇంకొక్కటి. తలంటిన ప్రతిసారీ పక్కపక్క లాక్స్‌ని కుదుళ్ళ దగ్గర మెల్లగా విడదీయాలి, లేకపోతే రెండూ ఒకటైపోతాయి. లాక్స్ వేసుకునేవాళ్ళ భాషలో దాన్ని పెళ్ళి అంటారు. మా వాడికి వెనక రెండు అలాగే కలిశాయి. విడదీస్తానని నానమ్మ అంటే వాడు తల ఇవ్వలేదు. ఇప్పుడు మొత్తం 83.