ఒకే సూది పది ఆవులకు గుచ్చకండి: వానాకాలానికి ముందు పాడి రైతులకు జాగ్రత్తలు

మా మండలంలో ఈమధ్య ఒక రైతు కొట్టంలో రెండు సంకరజాతి ఆవులు వారం తేడాలో చనిపోయాయి. పాక శుభ్రంగానే ఉంది, ఒంటిమీద గోమార్లు (పిడుదులు) కూడా పెద్దగా లేవు. రక్త పరీక్షలో అనాప్లాస్మా (గోమార్లు మోసుకొచ్చే రక్తపు క్రిమి) అని తేలింది. ఆరా తీస్తే, గోడ గూట్లో ఒక సిరంజి, దానికి ఎండిన రక్తం పట్టిన ఒక సూది కనిపించాయి. పాలు చేపడానికి ఆవులన్నిటికీ పూటపూటా ఇంజెక్షన్ ఇస్తున్నది ఆ సూదితోనే. నెల కిందట సంత నుంచి తెచ్చిన ఆవుకూ అదే.

గోమార్లకు మందు కొట్టాలని మీకు తెలుసు. అందుకే సూది సంగతి చెబుతున్నాను. కొట్టాలకు కొట్టాలు ఖాళీ కావడానికి నేను చూసిన కారణం ఎక్కువగా ఇదే.

ఒంట్లో జరిగేది

అనాప్లాస్మా మార్జినేల్ ఒక బ్యాక్టీరియా. 1910లో దక్షిణాఫ్రికాలో ఆర్నాల్డ్ థైలర్ దీన్ని వర్ణించాడు. సూక్ష్మదర్శినిలో ఎర్ర రక్తకణం అంచున ముదురు చుక్కలా కనిపిస్తుంది. ఇది కణాన్ని చీల్చుకుని లోపలికి పోదు. పైపొరకు అతుక్కుంటే, ఆ పొరే లోపలికి మడతపడి దాని చుట్టూ సంచి కడుతుంది. ఆ సంచిలోనే రెండుగా చీలుతూ నాలుగు, ఎనిమిది అవుతుంది. తర్వాత కణాన్ని పగలగొట్టకుండానే బయటికొచ్చి పక్క కణంలో దూరుతుంది. సోకిన కణాలను ప్లీహం ఏరి నాశనం చేస్తుంది. ఆవుకు రక్తం తరిగిపోయేది అలా.

కణాలు రక్తనాళాల్లో పగలవు కాబట్టి మూత్రం ఎర్రబడదు. గోమార్ల వల్లే వచ్చే మరో రక్తపు క్రిమి బబీసియా సోకితే కాఫీ రంగు మూత్రం చూసి రైతు పరుగెత్తుతాడు. ఇక్కడ మూత్రం మామూలుగా ఉందని ఊరుకుంటాడు, ఈలోగా చేయి దాటిపోతుంది. దూడలకు తేలిగ్గా వచ్చిపోతుంది గానీ, రెండేళ్లు దాటిన ఆవులకు ప్రాణం మీదికి వస్తుంది. పోయేవి పాలిచ్చే ఆవులే.

సూది

కోలుకున్న పశువు రక్తంలో ఈ క్రిమి ఏళ్ల తరబడి, తరచు జీవితాంతం ఉంటుంది. చూడటానికి నిగనిగలాడుతుంది, పాలూ ఇస్తుంది. దానికి గుచ్చిన సూదిని పక్క ఆవుకు గుచ్చితే, గోమారి చేసే పని మన చేత్తో మనం చేసినట్టే. 2010లో అమెరికాలో రోగమున్న పశువుకు వాడిన సూదినే ఆరోగ్యంగా ఉన్న ఎడ్లకు గుచ్చి చూశారు. పదింటిలో ఆరింటికి సోకింది.

దూదితో తుడిస్తే చాలదు, సూది గొట్టం లోపల రక్తం మిగిలే ఉంటుంది. ఒక పశువుకు ఒక సూది. స్టీలు సూదులైతే తలకొకటి చొప్పున, 20 నిమిషాలు మరిగించినవి సిద్ధంగా పెట్టుకోండి.

వానలకు ముందు గొంతువాపు, జబ్బవాపు టీకాలు వేస్తారు. తప్పక వేయించండి. కానీ టీకా వేసేవారు వచ్చినప్పుడు సూదులు మీరే కొని చేతిలో పెట్టండి. మొహమాటపడి ఊరుకోకండి. ముక్కుతాడు గుచ్చే దబ్బనం, చెవి పోగు వేసే పరికరం, కొమ్ములు కోసే రంపం: రక్తం అంటేది ఏదైనా సరే, కడిగి మరిగించకుండా రెండో పశువు దగ్గరికి తీసుకెళ్లకండి.

ఇక మిగతావి

పాలు చేపడానికి ఇంజెక్షన్ మానేయండి.

కొత్త ఆవును కనీసం నెల రోజులు విడిగా కట్టండి. రక్త పరీక్ష చేయించాకే మందలో కలపండి.

పీకిన గోమార్లను నేలమీద పడేయకండి. ఒక్క ఆడ గోమారి రెండు మూడు వేల గుడ్లు పెడుతుంది. కిరోసిన్ డబ్బాలో వేయండి.

మందు ఒకసారి కొట్టి వదిలేయకండి. పశువు మీద గోమారి ఎదిగి రాలడానికి మూడు వారాలు చాలు. గోడ పగుళ్లు, గాడి కింది సందులు పూడ్చండి.

జోరీగలు కూడా నోటికంటిన రక్తాన్ని మోస్తాయి. పాక పక్కన పేడ, మురుగు నిల్వ ఉంచకండి.

పాలు ఒక్కసారిగా తగ్గినా, పేడ గట్టిపడినా కంటి కింది రెప్ప తిప్పి చూడండి. తెల్లగా పాలిపోయినా, పసుపుపచ్చగా ఉన్నా ఆ రోజే వైద్యుణ్ణి పిలవండి.

మందు వేయడానికి ముందే పరీక్షకు రక్తం తీయించండి. బబీసియాకు పనిచేసే డైమినజీన్ మందు అనాప్లాస్మాకు పనిచేయదు. దీనికి వాడే ఆక్సీటెట్రాసైక్లిన్ మందు తొలి రోజుల్లోనే పడాలి, అదీ వైద్యుడు చెప్పిన మోతాదులోనే.

పక్కింటి సిరంజి అడిగి తెచ్చుకోకండి. మీది ఇవ్వకండి.

రక్తం తగ్గిన ఆవు మెదడుకు ప్రాణవాయువు చాలక మీదికి వచ్చి పొడవవచ్చు. పిల్లలను దగ్గరికి పోనివ్వకండి.

దాన్ని పరుగెత్తించకండి, పడదోసి కట్టకండి, లారీ ఎక్కించకండి. ఆ కాస్త ఆయాసానికే గుండె ఆగి చనిపోతుంది. నీడలో కట్టి, నీళ్లు పెట్టి పశువుల అంబులెన్సు నంబరు 1962కు ఫోను చేయండి. వైద్యుడే అక్కడికి రావాలి. వచ్చినప్పుడు కొత్త సూది ఇవ్వండి.