వాన వెలిసినా డిష్‌కు సిగ్నల్ రాకపోతే

జోరువానలో టీవీ ఆగిపోతే డిష్ జోలికి వెళ్లకండి. డీటీహెచ్ తరంగాల పొడవు సుమారు రెండున్నర సెంటీమీటర్లే. దట్టమైన చినుకులు వాటిని పీల్చేసి చెదరగొడతాయి. వాన పలచబడగానే బొమ్మ దానంతటదే తిరిగొస్తుంది. 4 గిగాహెర్ట్జ్ దగ్గర పనిచేసే పాత పెద్ద డిష్‌లకు ఈ బాధ చాలా తక్కువ.

చిరుజల్లుకే పోతోందంటే తప్పు వానది కాదు, ఎండలోనే సిగ్నల్ అంచున ఉంది. సెట్‌టాప్ బాక్సులో సిగ్నల్ క్వాలిటీ అంకె ఎంతుందో ఎండరోజే చూసుకోండి. ఆ తర్వాత తలెత్తి కొబ్బరిచెట్లను చూడండి. ఈ చిన్న పని ఎవరూ చేయరు! దూరదర్శన్ ఉచితంగా ఇచ్చే ఫ్రీ డిష్ ఛానళ్లు వచ్చే జీశాట్-15 ఉపగ్రహం కోనసీమకు ఆగ్నేయంలో, దాదాపు 66 డిగ్రీల ఎత్తున ఉంటుంది. డిష్ ముఖం అంత పైకి చూస్తున్నట్టు కనిపించదు కాబట్టి, నెత్తిమీదికి పెరిగిన మట్ట అడ్డమని తోచదు. తడిసిన ఆకు ఇంకా ఎక్కువ అడ్డుకుంటుంది.

వాన వెలిసి గంట దాటినా రాకపోతే, లేదా కొన్ని ఛానళ్లే వస్తుంటే, ఎల్‌ఎన్‌బి (డిష్ ముందు కడ్డీ చివర సిగ్నల్ అందుకునే చిన్న డబ్బా) దగ్గరి కనెక్టర్‌లోకి నీళ్లు చేరాయేమో చూడాలి. రాజోలు వైపు ఒక డాబా మీద ఇది తెలియక పూటంతా డిష్ తిప్పాను, బాగున్న గురిని చేజేతులా చెడగొట్టాను. చివరికి కనెక్టర్ విప్పితే రాగి మొన పచ్చగా చిలుము పట్టి ఉంది. ఎల్‌ఎన్‌బికి కరెంటు వెళ్లేది కూడా ఆ తీగ మీదే: ఒక వరుస ఛానళ్లకు 13 వోల్టులు, ఇంకో వరుసకు 18. చిలుము వల్ల ఆ 18 తగ్గిపోతే రెండో వరుస మొత్తం మాయమవుతుంది. అంతర్వేది, ఓడలరేవు లాంటి తీరపు ఊళ్లలో ఉప్పుగాలికి ఇది మరీ త్వరగా వస్తుంది.

ముందు బాక్సు కరెంటు తీసేయండి. రాగి మెరుస్తూ కనబడేదాకా కేబుల్ కోయండి. లోపలి లోహపు తీగల అల్లిక నల్లబడి ఉంటే ఇంకో అడుగు కోయాల్సి రావచ్చు. కొత్త కనెక్టర్ బిగించి, రబ్బరు టేపును కింది నుంచి పైకి చుట్టండి. అప్పుడు పై చుట్టు కింది చుట్టును కప్పి, నీరు జారిపోతుంది. కేబుల్‌ను ఎల్‌ఎన్‌బి కింద కాస్త వేలాడనిచ్చి మళ్లీ పైకి తీసుకెళ్లండి, చుక్కలు ఆ వంపులోనే రాలిపోతాయి.

మార్చిలో, అక్టోబరు ప్రాంతంలో కొన్ని రోజులు పగలు కొద్ది నిమిషాలు బొమ్మ పోతే, సూర్యుడు ఉపగ్రహం వెనక్కి వచ్చాడని అర్థం. తుపాను గాలికి డిష్ కదిలితేనే గురి సరిచేయండి, అదీ కనెక్టర్ విప్పి చూశాకే.